కారులో మాడు వాసన: ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: ఎండాకాలంలో కారు మాడు వాసన కొట్టడం మామూలే.

కాదు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటే 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటుంది. అంత వేడికి తట్టుకునేలా చేసిన బండికి మే నెల విజయవాడ ఎండ 45 డిగ్రీలు దాటినా అదొక్కటే వాసన తెప్పించదు. లోపల ముందే ఉన్న లోపాన్ని ఎండ త్వరగా బయటపెడుతుంది, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే నాకు, "వారం నుంచి వస్తోంది, ఎండలకేమో అనుకున్నాం" అనే మాట వింటే నిజంగా టెన్షన్ వస్తుంది. ఆ వారంలో పిల్లలు కూడా అదే కారులో తిరిగి ఉంటారు కదా.

అపోహ: ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే కాస్త పెద్దది వేస్తే సరి.

నేను చూసే కాలిన వైరింగుల వెనుక ఎక్కువగా ఉండేది ఈ నమ్మకమే. ఫ్యూజ్ ఉన్నది లైటునో హారన్‌నో కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. 15 ఆంప్స్ చోట 30 వేస్తే, లేదా సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడితే, కాలాల్సిన ఫ్యూజ్ కాలదు. దాని బదులు డ్యాష్‌బోర్డు వెనుక, కంటికి కనపడని చోట వైరు కాలుతుంది.

లెక్క చూడండి. కంపెనీ ఇచ్చే హెడ్‌లైట్ బల్బు సాధారణంగా 55 లేదా 60 వాట్లు. 60 వాట్లవి రెండు వెలిగితే 12 వోల్టుల మీద 10 ఆంప్స్ పోతుంది. వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు బిగిస్తే అది 16 ఆంప్స్ దాటుతుంది. వైరు అదే, స్విచ్ అదే, కనెక్టర్ అదే. హైవే మీద గంటసేపు లైట్లు వేసుకుని వెళ్తే కనెక్టర్ మెత్తబడి ప్లాస్టిక్ కాలిన వాసన మొదలవుతుంది. పెద్ద బల్బులే కావాలంటే వేరే లావు వైరు, రిలే (స్విచ్ మీద భారం పడకుండా ఎక్కువ కరెంటును తానే కలిపే పరికరం), బ్యాటరీ దగ్గరే సరైన ఫ్యూజ్ ఉండాలి. అప్పుడు కూడా హోల్డరు, రిఫ్లెక్టరు ఆ వేడికి తట్టుకోవాలి, ఎదుటివాడి కళ్లు చెదరకూడదు. నన్నడిగితే వద్దనే చెబుతాను.

వైరు వాసన వచ్చినప్పుడు, అంతకు ముందు ఏ స్విచ్ వేశారో గుర్తు తెచ్చుకోండి. ఏసీ బ్లోవరా, లైట్లా, వెనక అద్దం మీద మంచు పోగొట్టే డీఫాగరా? ఆ ఒక్క మాట చెబితే మాకు సగం పని తగ్గుతుంది. తాళం తీసేశాక కూడా వాసన ఆగకపోతే, పొగ లేకపోతేనే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. చాలా కార్లకు 10 నంబరు స్పానర్ చాలు.

అపోహ: మాడు వాసన ఏదైనా ఒకటే.

ముక్కు చాలా చెబుతుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతూ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెడితే కాగితం కాలినట్టు వస్తుంది. అది క్లచ్ ప్లేటు. కోటప్పకొండ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే ఘాటైన వేడి ఇనుము వాసన. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో రండి. వేడెక్కిన బ్రేకు డిస్కు మీద నీళ్లు మాత్రం పోయకండి, వంకర పోవచ్చు. చదును రోడ్డు మీద కూడా ఒక్క చక్రమే వేడెక్కుతుంటే బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పట్టేసినట్టు. ఆయిల్ మార్చిన రోజు ఒలికిన చుక్కల వాసన కాసేపట్లో పోతుంది. రోజూ వస్తే ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకై, ఆయిల్ వేడి మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టం) మీద పడుతోందేమో చూడాలి. తియ్యటి వాసన కూలెంట్‌ది. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. రబ్బరు కమురు కంపుతో పాటు కీచుమని చప్పుడు ఉంటే బెల్టు. కొన్నిసార్లు సైలెన్సర్‌కు కరుచుకున్న క్యారీబ్యాగ్ తప్ప ఇంకేమీ ఉండదు.

బీఎస్-6 డీజిల్ కార్లలో మసి ఫిల్టర్ తనంతట తాను మసిని కాల్చుకునేటప్పుడు కాసేపు వేడి వాసన రావచ్చు. అది లోపం కాదు, మధ్యలో ఇంజన్ ఆపకుండా ఇంకొంచెం నడపండి.

అపోహ: ఎలుకలు రాకుండా ఇంజన్‌లో పొగాకు పెడితే మంచిది.

గుంటూరు వైపు పొగాకు సులువుగా దొరుకుతుంది కాబట్టి ఈ చిట్కా బాగా నడుస్తోంది. ఎండిన ఆకు జారి మ్యానిఫోల్డ్ మీద పడితే కాలుతుంది. ఎలుకలు తెచ్చి పెట్టే గడ్డి, గుడ్డపీలికలదీ అదే ప్రమాదం. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి, కొరికిన వైరు కనపడితే టేపు చుట్టి వదిలేయకండి.

అపోహ: రోడ్డు మీద ఆరబోసిన పంట మీదుగా వెళ్తే కారుకేం కాదు.

పల్లె రోడ్ల మీద కోసిన కంది, మినుము పరిచి చక్రాల కింద నూర్పిడి చేయిస్తారు. రైతు కష్టం నాకు తెలుసు. కానీ ఆ ఎండు కొమ్మలు యాక్సిల్‌కు చుట్టుకుని సైలెన్సర్ పక్కన ఇరుక్కుంటాయి. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. తప్పనిసరై దాటితే, కాస్త ముందుకెళ్లి శుభ్రమైన చోట ఆపి కింద వంగి చూడండి. ఎండుగడ్డి మీద పార్కింగ్ వద్దు.

అపోహ: పొగ వస్తే వెంటనే బానెట్ పూర్తిగా ఎత్తాలి.

అలా ఎత్తితే గాలి ఒక్కసారిగా లోపలికి వెళ్లి మంట ఎగుస్తుంది. ఇంజన్ ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయండి. మంట చిన్నదిగా ఉండి, చేతిలో మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఉంటే, బానెట్ లీవర్ మాత్రం లాగి ఆ సందులోంచి కొట్టండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయకండి.