బెంచి మీది డీసీ పవర్ సప్లై: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కాలేజీ ల్యాబులకు, సెల్‌ఫోన్ రిపేరు అంగళ్లకు, రేణిగుంట దారిలోని చిన్న యూనిట్లకు టెస్టు పరికరాలు బాగుచేసి ఇవ్వడం నా పని. మీటర్లు, స్కోపులు (సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపులు), ఫంక్షన్ జనరేటర్లు అన్నీ వస్తాయి గానీ, నా బెంచి మీద ఎప్పుడు చూసినా కవరు విప్పి ఉండేది డీసీ పవర్ సప్లైనే. గోడ సాకెట్ కరెంటును మనకు కావలసినన్ని డీసీ వోల్టులుగా మార్చి ఇచ్చే పెట్టె ఇది. కాలేజీల్లో ఆర్పీఎస్ (రెగ్యులేటెడ్ పవర్ సప్లై) అంటారు, అంగళ్లలో ఉత్త సప్లై అంటారు. సున్నా నుంచి 30 వోల్టులు, రెండో ఐదో ఆంపియర్లు, ముందు రెండు నాబులు, ఎర్రదొకటి నల్లదొకటి టెర్మినల్. స్కోపు ప్రోబ్ పట్టుకోవడానికి జంకే పిల్లలు కూడా దీన్ని చూసి జంకరు. సీనియర్లు చెప్పినవి, పక్క అంగడివాళ్లు చెప్పినవి కొన్ని మాటలు దీని చుట్టూ అలాగే పాతుకుపోయాయి. వాటివల్ల కాలిన బోర్డులు చాలా చూశాను, కాలిన వేలు కూడా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కరెంటు నాబ్ ఎక్కువ పెడితే బోర్డు కాలిపోతుంది

మొన్న ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ప్రాజెక్టు బోర్డు తెచ్చుకుని అడిగాడు: "అన్నా, నా బోర్డుకు 200 మిల్లీ ఆంపియర్లు చాలు. సప్లై నాబ్ 3 ఆంపియర్ల దగ్గరుంది. పెట్టేదా వద్దా?"

"వోల్టులు ఎంత పెట్టావు తమ్ముడూ?" అన్నాను. దాన్ని అతను చూడనే లేదు. అంతకుముందు వాడినవాళ్లు 12 దగ్గర వదిలి పోయారు. అతని బోర్డు 5 వోల్టులది.

సప్లై కరెంటును బోర్డులోకి తొయ్యదు. మనం ఇచ్చిన వోల్టేజీకి బోర్డు తనకు కావలసినంత లాక్కుంటుంది. కరెంటు నాబ్ చెప్పేది ఒక్కటే, ఇంతకుమించి లాగనివ్వను అని. కాబట్టి 3 ఆంపియర్ల దగ్గరున్నా బాగున్న బోర్డు 200 మిల్లీలే తీసుకుంటుంది. ఎక్కువ వోల్టులు పెడితే మాత్రం క్షణంలో పోతుంది.

అలాగని ఆ నాబ్‌ను ఎప్పుడూ చివరిదాకా తిప్పి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. బోర్డులో ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ 3 ఆంపియర్లూ ఒక సన్నటి ట్రాక్ గుండా పోతాయి. నేను చేసే పద్ధతి ఇది. బోర్డు కలపకముందే వోల్టులు పెట్టుకుంటాను, మీటరుతో ఒకసారి చూసుకుంటాను. తర్వాత కరెంటు నాబ్ పూర్తిగా తగ్గించి, ఎరుపు నలుపు టెర్మినళ్లను ఒక వైరుతో కలిపి, బోర్డుకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ, 200కు 300 మిల్లీల దాకా పెంచుతాను. వైరు తీసేసి, అవుట్‌పుట్ ఆపి, బోర్డు కలిపి, అప్పుడు ఆన్ చేస్తాను. ఇదంతా కరెంటు లిమిట్ ఉన్న సప్లైలకే. పాత ఆర్పీఎస్‌లు కొన్నిటిలో ఓవర్‌లోడ్ ట్రిప్ తప్ప లిమిట్ నాబ్ ఉండదు. వాటిని ఇలా షార్ట్ చేయకూడదు.

సీసీ లైటు (కాన్‌స్టంట్ కరెంట్, అంటే కరెంటు లిమిట్ తగిలిందని చెప్పేది) వెలిగి వోల్టులు పడిపోయాయనుకోండి, సప్లై పాడైందని కాదు. బోర్డు మీరు గీసిన గీత దాటి లాగబోతోందని అర్థం. చాలామంది అక్కడే పొరపాటు పడతారు. వోల్టులు తగ్గాయి కదా అని కరెంటు నాబ్ పెంచుతారు. నా దగ్గరికొచ్చే మాడిన బోర్డుల్లో సగం కథ ఇదే.

ఇంకొకటి. 20 మిల్లీలకు లిమిట్ పెట్టాను కాబట్టి ఎల్ఈడీని నేరుగా తగిలించవచ్చనుకుంటారు. సప్లై అవుట్‌పుట్‌కు అడ్డంగా లోపల చార్జిని నిల్వ ఉంచే కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఆన్‌లో ఉండగా ఎల్ఈడీ తగిలిస్తే, లిమిట్ సర్క్యూటు మేలుకునేలోపే ఆ కెపాసిటర్‌లో ఉన్నదంతా ఎల్ఈడీలోకి దూకుతుంది. ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతుంది. కలిపేటప్పుడు ఎప్పుడూ అవుట్‌పుట్ ఆపి కలపాలి. ఆపాక కూడా కెపాసిటర్ దిగడానికి కాసేపు పడుతుంది కాబట్టి, డిస్‌ప్లే సున్నాకు వచ్చేదాకా ఆగాలి.

అపోహ: 30 వోల్టులేగా, ఏం చేస్తుంది?

పొడి చేత్తో 30 వోల్టులు ముట్టుకుంటే సాధారణంగా ఏమీ తెలియదు, నిజమే. కానీ ఒకే పెట్టెలో రెండు అవుట్‌పుట్లు (ఛానళ్లు) ఉన్న సప్లైలో వాటిని సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే 60 వోల్టులు. డీసీలో భయం లేకుండా ముట్టుకోగలిగేదానికి హద్దు అక్కడికే అని లెక్క. చెమట చేతులకు, తడి చేతులకు ఆ హద్దు ఇంకా కిందే. ఇక కాలడానికి వోల్టులు ఎక్కువ ఉండాల్సిన పనే లేదు. సప్లైతో బ్యాటరీ పరీక్ష చేస్తూ ఒకాయన ఉంగరాన్ని బ్యాటరీ టెర్మినల్‌కూ క్లిప్పుకూ మధ్య తగిలించుకున్నాడు. అది 12 వోల్టులే. ఉంగరం ఎర్రబడేంత వేడెక్కి వేలికి అతుక్కుంది. నేను నీళ్ల కింద పట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పటినుంచి బెంచి ముందు కూర్చునేవాళ్లెవరైనా ఉంగరం, స్టీలు గడియారం, కడియం తీసి పక్కన పెట్టాకే పని అంటున్నాను.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కవరు లోపలుంది. అక్కడ మన ఇంటి 230 వోల్టులే ఉంటాయి. స్విచ్ మోడ్ సప్లైలో (చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టులు దించే రకం) ఆ 230ని నేరుగా డీసీ చేసి పెద్ద కెపాసిటర్‌లో నింపుతారు, అది దాదాపు 325 వోల్టులు. ప్లగ్గు పీకినా అది వెంటనే పోదు. లోపల దాన్ని మెల్లగా దించే బ్లీడర్ రెసిస్టర్ తెగిపోతే గంటల తరబడి కూడా నిలబడుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి చిటపటలాడిస్తారు కొందరు. దానివల్ల కెపాసిటర్ దెబ్బతింటుంది, లోహపు తునకలు కంట్లో పడతాయి. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి దగ్గర పెట్టుకోండి. దాని వైర్లను ఇన్సులేషన్ ప్రోబులతో కెపాసిటర్ కాళ్లకు ఆనించండి. వెలిగి ఆరుతుంది. తర్వాత మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఈ పని నేర్చుకోనివాళ్లు కవరు విప్పకపోవడమే మంచిది.

అపోహ: నల్ల టెర్మినలే ఎర్త్, మూడో పిన్ను లేకపోయినా పనిచేస్తుంది

పనిచేస్తుంది, అదే ఇబ్బంది. ఎర్త్ లేదని సప్లై ఎప్పుడూ చెప్పదు.

నల్లది నెగటివ్, అంతే. చాలా సప్లైల్లో ఎరుపు, నలుపు రెండూ భూమితో సంబంధం లేకుండా తేలుతూ ఉంటాయి. పచ్చ టెర్మినల్ ఉంటే అది బాడీకి, మూడో పిన్నుకు కలిసినది. ఈ తేడా తెలియక ల్యాబులో జరిగేది చూడండి. రెండు ఛానళ్లు సీరీస్‌లో పెట్టి మధ్య బిందువును పచ్చదానికి కలిపారు. తర్వాత స్కోపు ప్రోబ్ నల్ల క్లిప్పును నెగటివ్ వైపు తగిలించారు. స్కోపు నల్ల క్లిప్పు తన ప్లగ్గు గుండా ఎర్త్‌కే పోతుంది. ఆ క్లిప్పు తగిలిన క్షణం నెగటివ్ ఛానల్ షార్ట్. పిల్లలు స్కోపు చెడిందంటారు, స్కోపు బాగానే ఉంటుంది.

ఇక మూడో పిన్ను. రెండు పిన్నుల అడాప్టరు వేసి వాడే సప్లై బాడీ మీద వేలు పెడితే జిల్లుమంటుంది. స్విచ్ మోడ్ సప్లైల్లో నాయిస్ తగ్గించడానికి ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెండింటి నడుమ వేలాడి, మీటరులో 100, 115 వోల్టులు చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. అయితే మీ చేతిలో ఉన్న చిన్న చిప్పు చచ్చిపోవడానికి అది చాలు. రేపు లోపల ఫేజు వైరు ఊడి బాడీకి తగిలితే మాత్రం జిల్లుమనడంతో ఆగదు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉండేది పెట్టేటప్పుడు ముందుగా తగలాలని, తీసేటప్పుడు చివరగా వదలాలని.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉందనుకోలేం. పాత కట్టడాల్లో ఆ వైరు లేనివి ఎన్నో చూశాను. ఉన్నచోట కూడా, కొండ కింద రాతినేల, ఏప్రిల్ మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలు. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్త్ గుంత అడుగుదాకా ఎండిపోతుంది. ఒక కాలేజీ ల్యాబులో ప్రతి వేసవీ సప్లైలన్నీ జిల్లుమంటున్నాయని పిలిచారు. పరికరాలను ముట్టుకోకుండా ముందు గుంత చూపించమన్నాను. మూత మీద మట్టి పేరుకుపోయి, నీళ్లు పోసే గొట్టం మూసుకుపోయి ఉంది. గొట్టం శుభ్రం చేసి, వారానికి రెండుసార్లు నాలుగు బిందెల నీళ్లు పోయిస్తే జిల్లుమనడం ఆగింది. ఎలక్ట్రీషియన్‌తో ఏడాదికోసారి ఎర్త్ టెస్టరు పెట్టించి రెసిస్టెన్స్ కొలిపించుకోండి.

అపోహ: ఆర్సీసీబీ ఉంది, ఇక భయం లేదు

ఆర్సీసీబీ అంటే మెయిన్ బోర్డులో పెట్టే, షాకు నుంచి కాపాడే స్విచ్. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తోందా అని చూడటమే దాని పని. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోతుంది. తప్పకుండా పెట్టించుకోవాలి. కానీ సప్లై అవుట్‌పుట్ వైపు జరిగేదేదీ దానికి కనబడదు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ విడదీస్తుంది కాబట్టి. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడినా దానికి మనిషికీ బల్బుకూ తేడా తెలియదు.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే కాస్త లావుది వేస్తే సరి

ఒక సప్లై తెరిచీ తెరవకముందే వార్నిష్ మాడిన వాసన. ఫ్యూజు హోల్డరులో సిగరెట్ పెట్టె రేకు చుట్టిన గాజు ఫ్యూజు. ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి షార్ట్ అయి ఫ్యూజు పోతూ వచ్చింది. రేకు పెట్టాక పోవడం ఆగి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కాలింది. పది రూపాయల్లో అయ్యే డయోడ్‌కు ట్రాన్స్‌ఫార్మరే కొత్తగా చుట్టించాల్సి వచ్చింది. వెనక ప్యానెల్ మీద ఎంత రాసి ఉంటే అంతే వేయాలి. అంకెకు ముందు టీ అని ఉంటే నిదానంగా పోయే రకం, ఎఫ్ అని ఉంటే వెంటనే పోయే రకం, అదీ చూసుకోవాలి. కొత్తది వేసినా పోతే లోపల వెతకాలి.

అపోహ: ఫోన్ బోర్డులో షార్ట్ ఉంటే వోల్టులు పెంచితే పేలి తెరుచుకుంటుంది

రిపేరు అంగళ్లలో ఇది నమ్మకంగా చెబుతారు. దయచేసి చేయకండి. ఫోన్‌లో బ్యాటరీ లైను 3.7 నుంచి 4.2 వోల్టులది, ప్రాసెసర్‌కు పోయే లైన్లు ఒక వోల్టుకు అటూ ఇటూ. ప్రాసెసర్ లైనులో 4 వోల్టులు ఎక్కిస్తే షార్ట్ అయిన కెపాసిటర్ పోతుందో లేదో గానీ ప్రాసెసర్ పోతుంది, కస్టమరు ఫోటోలన్నీ దాంతోనే పోతాయి. ఆ లైనుకు రాసిన వోల్టేజీ దాటకుండా, అర వోల్టుతో మొదలుపెట్టి, కరెంటును మెల్లగా పెంచండి. బోర్డు మీద ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఒక పలచటి పూతగా రాయండి. షార్ట్ ఉన్నచోటు వేడెక్కి, తడిలో ఒకచోట, ఆవగింజంత మేర, ముందుగా ఆరిపోతుంది. ఆ కింద ఉన్న కెపాసిటరే మీకు కావలసింది.

అపోహ: సప్లైతో ఏ బ్యాటరీనైనా చార్జి చేసుకోవచ్చు

ఏదైనా కాదు, మళ్లీ చార్జి అయ్యే రకం బ్యాటరీలనే. వాటినీ మూడు విషయాలు మరవకపోతేనే చేయవచ్చు. వోల్టేజీ ముందే కచ్చితంగా పెట్టాలి. లిథియం సెల్‌కు 4.2 దాటకూడదు, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని తగిలించి ఉంచాలంటే 13.5 నుంచి 13.8 చాలు. రెండోది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ తిరగబడి సప్లైలోకి పోస్తుంది. తగినంత ఆంపియర్ల డయోడ్ ఒకటి సీరీస్‌లో వేసుకోండి, దాని డ్రాప్ అర వోల్టో ఇంకాస్తో ఉంటుంది కాబట్టి బ్యాటరీ దగ్గరే కొలవండి. మూడోది, తలకిందులుగా తగిలించడం. సప్లై లోపల అవుట్‌పుట్‌కు అడ్డంగా ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. బ్యాటరీ తిరగేస్తే మొత్తం కరెంటు దాని గుండానే పోతుంది, మీరు పెట్టిన లిమిట్ అక్కడ పనికిరాదు. టెర్మినళ్ల వెనక మసిబారిన డయోడ్, లేచిపోయిన ట్రాక్ కనిపిస్తే నేను మొదట అడిగేది బ్యాటరీ గురించే. చార్జింగ్ పెట్టి భోజనానికి వెళ్లకండి.

అపోహ: డిస్‌ప్లేలో 5.00 ఉంటే బోర్డుకు 5 వోల్టులే

డిస్‌ప్లే చూపేది టెర్మినళ్ల దగ్గరి లెక్క. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు పోను ఒక మీటరు, రాను ఒక మీటరు వాడితే 0.07 ఓమ్‌లు. 5 ఆంపియర్లు పోతే 0.35 వోల్టులు దారిలోనే ఖర్చు. బజారులో దొరికే క్రొకడైల్ క్లిప్పు వైర్లు ఇంకా సన్నం, పైగా లోపల టంకం లేకుండా నొక్కి వదిలేసినవే ఎక్కువ. లావు వైర్లు, పొట్టి వైర్లు వాడండి. కొలిచేది బోర్డు దగ్గర కొలవండి. నెలకోసారి నమ్మకమైన మీటరుతో 5, 12, 30 దగ్గర సరిచూసి కాగితం మీద రాసి సప్లైకి అతికించండి. సర్టిఫికెట్ కావలసినవాళ్లు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించుకోవాలి.

అపోహ: తక్కువ వోల్టులకు వాడితే సప్లైకి శ్రమ తక్కువ

లీనియర్ సప్లైలో (మిగులు వోల్టులను లోపలి ట్రాన్సిస్టర్ మీద వేడిగా వదిలే రకం) దీనికి తలకిందులు. లోపల 40 వోల్టులు ఉన్నాయనుకోండి. 28 వోల్టులు, 2 ఆంపియర్లు ఇస్తే మిగిలిన 12 వోల్టులు ట్రాన్సిస్టర్ మీద పడతాయి, 24 వాట్లు. అదే 3 వోల్టులు, 2 ఆంపియర్లు ఇస్తే 74 వాట్లు వేడిగా మారతాయి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు లోపల పెట్టినట్టు. నాబ్ తిప్పుతుంటే లోపల రిలే టిక్కుమనే సప్లైలు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు మార్చి ఈ వేడిని తగ్గిస్తాయి. అది లేనివాటికి, వేడిని గాలిలోకి వదిలే హీట్ సింకే ప్రాణం. దాన్ని గోడకు ఆనించి పెట్టకండి, పైన రికార్డు నోట్సులు పేర్చకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ ఇంచుమించు సగమవుతుంది.

ఆరు నెలలకోసారి, ప్లగ్గు తీసి, కెపాసిటర్లు దించాక, కుంచెతో, బ్లోయర్‌తో దుమ్ము తీయాలి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో ఆపండి. గాలి రంధ్రాలకు సన్నటి జాలీ వేస్తే బల్లులు దూరవు. ట్రాన్సిస్టర్ మారిస్తే కింద కరెంటు పోకుండా అడ్డుపెట్టే మైకా ముక్క, వేడిని దాటించే పేస్టు మరవకూడదు. 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టర్‌కు దాని లోహపు ఒళ్లే కలెక్టర్ (దాని మూడు కొసల్లో ఒకటి), మైకా లేకుండా బిగిస్తే హీట్ సింకే లైవ్ అవుతుంది. సెలవుల్లో మూలపడిన సప్లైలను నెలకోసారైనా ఒక గంట ఆన్‌లో పెట్టి ఉంచండి.

నీళ్లలో మునిగిన సప్లైలు 2021 నవంబరు వరద తర్వాత నా దగ్గరికి వచ్చాయి. ఎండలో రెండు రోజులు పెట్టి ఆన్ చేసి చూశామన్నారు కొందరు, వాటిలో ఎక్కువభాగం ఇక లేవలేదు. ఆన్ చేయకుండా తెచ్చినవాటిని విప్పి, బురద మంచినీళ్లతో కడిగి, ఐపీఏతో తుడిచి, వారం ఆరబెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకూ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ అనే టెస్టరు పెట్టి ఇన్సులేషన్ చూశాను. ఆ తర్వాతే సీరీస్‌లో 100 వాట్ల బల్బు పెట్టి ప్లగ్గు వేశాను. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే నేరుగా సాకెట్‌కు మార్చాను. వెలుగు అలాగే నిలబడినవాటికి ప్లగ్గు పీకి, మళ్లీ మొదటినుంచి విప్పాను.