ఒంగోలు గిత్త వేరు, పంజరంలో చిలుక వేరు

ఒంగోలు గిత్త ఎంత ఎత్తున్నా, పదేళ్ల పిల్లవాడు పగ్గం పట్టుకుని చెరువుకు తోలుకుపోగలడు. దాని పూర్వీకులు అడవి ఎద్దులు. ఆ జాతిలో ఇప్పుడు ఒక్కటి కూడా మిగల్లేదు. మూపురం ఉన్న పశువులను మనిషి సాకడం సుమారు 8,000 ఏళ్ల కిందట, ఇప్పటి బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ వైపు మొదలైందని అక్కడ దొరికిన ఎముకలు చెబుతున్నాయి. పొడిచేదాన్ని వదిలించుకోవడం, సాధువైనదాన్ని ఈతకు ఉంచుకోవడం... తరతరాలుగా జరిగింది ఇదే. బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో మేస్తున్న 'నెలోర్' పశువులకు మూలం కూడా మన గిత్తలే. ఆ పేరు నెల్లూరు నుంచి వచ్చిందే!

ఇంట్లో రామచిలుకను పెట్టుకున్నవాళ్లను అడిగితే, ఆవును పెంచడం తప్పు కానప్పుడు ఇదెట్లా తప్పవుతుందంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ సాధుగుణం పుట్టుకతో రావడం వేరు, దిక్కులేక ఒక ప్రాణి మనిషికి అలవాటు పడటం వేరు. మొదటిది దూడకు వస్తుంది. రెండోది ఆ ప్రాణితోనే ఆఖరు. వేల ఏళ్లుగా మావటీల చేతుల్లో ఉన్న ఏనుగు కూడా ఈ రెండో లెక్కలోదే.

1959లో దిమిత్రి బెల్యాయెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త సైబీరియాలో నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ప్రతి తరంలో మనిషంటే తక్కువ బెదిరే కొద్ది నక్కలనే ఏరి జతకట్టించారు. కొన్ని తరాలకే మనిషిని చూసి తోక ఊపే పిల్లలు పుట్టాయి. వాటి ఒంటి మీద మచ్చలు, వేలాడే చెవులు ఈ ఎంపిక వల్లే వచ్చాయా, అంతకుముందే ఉన్నాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది. బెదురు తగ్గిందన్న సంగతిలో మాత్రం పేచీ లేదు. అయితే దానికి కావలసింది ఎంపిక. ఒక నక్కను ముద్దు చేసినంత మాత్రాన దాని పిల్లలు మారవు.

మరి చిలుకకు జరిగేదేమిటి? తాటి మోడు తొర్రలో, ఇంకా ఎగరడం రాని పిల్లను పట్టుకొస్తారు. తొర్రలో ఉంటే అది ఏడు వారాలకు బయటికొచ్చి గుంపులో కలిసేది. తిరునాళ్లలో చిలకజోస్యం చెప్పేవాళ్ల దగ్గర ఒకసారి దాని రెక్క గమనించండి. పొడుగు ఈకలు సగానికి కోసి ఉంటాయి. తోక జోలికి మాత్రం పోరు, తోక అందం కదా!

మనం లవ్‌బర్డ్స్ అని కొనే బడ్జీల కథ వేరు. ఆస్ట్రేలియా అడవిలో అవి ఆకుపచ్చవి. 19వ శతాబ్దం నుంచి పంజరాల్లోనే పిల్లలు చేస్తూ నీలం, తెలుపు రంగుల్లోకి వచ్చాయి. వాటికీ ఇరుకు పంజరం సుఖమని నేననను. కనీసం వాటిని అడవి నుంచి ఎత్తుకురాలేదు. రామచిలుక విషయానికొస్తే, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

అలాగని జాలిపడి పంజరం తలుపు తీసేస్తే కాకులకో పిల్లులకో దొరికిపోతుంది. అటవీ శాఖకు అప్పగించాలి. కోసిన ఈక మళ్లీ పెరగదు. అది రాలి, కొత్తది రావాలి. అందుకు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఎగరడం, గింజలూ పండ్లూ వెతుక్కోవడం నేర్వాలి. పిల్లప్పటి నుంచి మనిషి చేతి తిండికే అలవాటుపడిన వాటిలో కొన్నింటికి ఇది ఎప్పటికీ రాదు. అలాంటివాటిని జూలోనే ఉంచేస్తారు.