కాటన్ దొర ఇంటిపేరుకి పత్తితో సంబంధం లేదు

వంశవృక్షాలు వెతికిపెట్టడం నా పని. గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారి పూర్వీకులు పత్తి వ్యాపారులా అండీ?"

కాదండి. అది ఊరి పేరు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే చిన్న ఇల్లు, గుడిసె. 'కాటుమ్' అంటే 'గుడిసెల దగ్గర'. అలా పేరు పడ్డ పల్లెలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. కొన్ని కోటన్ అనీ, కొన్ని కాటన్ అనీ నిలిచాయి. నండూరు వాళ్లు నండూరి, వేటూరు వాళ్లు వేటూరి అయినట్టే ఇదీను. ఇంగ్లండులో నారిచ్ ఊరి మధ్యయుగపు సన్యాసి, చరిత్రకారుడు బార్తొలోమ్యూ పేరు 'డి కాటన్' అని కనిపిస్తుంది. ఆ 'డి' అంటే 'ఫలానా ఊరి' అని. పత్తికి ఇంగ్లీషు వాళ్లు వాడే మాట వేరే దారిన వచ్చింది: అరబ్బీ 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా. రెండూ చివరికి ఒకేలా వినపడుతున్నాయి, అంతే.

అపోహ: కాటన్లందరూ ఒకే వంశం.
వాస్తవం: అన్ని ఊళ్లుంటే ఒకే వంశం ఎలా అవుతుంది? ఆర్థర్ కాటన్ (1803–1899) ఇంగ్లండులోని చెషైర్‌లో కాంబర్మియర్ అనే పాత క్రైస్తవ మఠం భూముల్లో స్థిరపడ్డ కుటుంబం వాడు; ఆ భూములు 1539లో జార్జ్ కాటన్‌కి దక్కాయి. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ రాతప్రతిని కాపాడిన గ్రంథాలయం సర్ రాబర్ట్ కాటన్‌ది (1571–1631). పేరు కలిసింది కదా అని వీళ్లిద్దరినీ చుట్టాలుగా కలిపేయకండి, ఒక్కో తరం కాగితం చూపించాలి. డెర్బీలో పుట్టిన జాన్ కాటన్ 1633లో అమెరికా వెళ్లిన పాస్టరు. ఆయన మనవడికి ఆ ఇంటిపేరునే సొంత పేరుగా పెట్టారు: కాటన్ మేథర్.

అపోహ: స్పెల్లింగు మారితే వేరే కుటుంబం.
వాస్తవం: చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. రాసేవాడు చెవికి వినబడింది రాశాడు. ఒకే మనిషి బాప్టిజానికి ఒకలా, ఖననానికి ఇంకోలా కనిపిస్తే నేను టెన్షన్ పడను. తేదీ, ఊరు, భార్య పేరు సరిపోతున్నాయా అని చూస్తాను.

ఇక ఫ్రేములో అమ్మే 'కాటన్ వంశ చిహ్నం' కొనకండి. ఇంగ్లండులో చిహ్నం ఇచ్చేది ఒక మనిషికి, అతని సంతానానికి, ఇంటిపేరుకి కాదు.