నేరాల లెక్కలపై నేను తరచూ వినే అపోహలు

అపోహ: నేరాలు పోలీసుల పని. ఎకనామిక్స్ చెప్పేవాళ్లకు అక్కడేం పని?

నేరాలను ఆర్థికశాస్త్రం కళ్లతో చూసే దారి 1968లో అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ రాసిన వ్యాసంతో పడింది. తప్పు చేసేవాడు కూడా లాభమెంత, దొరికిపోయే అవకాశమెంత అని బేరీజు వేసుకుంటాడన్నది ఆయన వాదన. అందరూ అన్నివేళలా అలా లెక్క చూసుకుంటారని నేననుకోను. అయినా నా వృత్తి ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

అపోహ: కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగినట్టే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక రాగానే ఏ రాష్ట్రం ఎన్నో స్థానంలో ఉందన్న చర్చ మొదలవుతుంది. అందులో ఉండేవి నమోదైన కేసులు మాత్రమే. స్టేషన్ మెట్లెక్కడానికి భయపడిన అమ్మాయి ఆ పట్టికల్లో ఉండదు. ఎక్కినా ఎఫ్‌ఐఆర్ రాయక తిప్పి పంపేసిన తల్లీ ఉండదు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు సీట్లు దక్కాయి. అది అమలైన చోట మహిళలపై నేరాల కేసులు 46 శాతం పెరిగాయని ఆర్థికవేత్తలు లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి బృందం తేల్చింది. ఆడవాళ్లకు చెప్పుకునే ధైర్యం, పోలీసులకు వినే ఓపిక పెరగడమే దానికి ముఖ్య కారణమని వాళ్లు చూపించారు. ఆ పెరుగుదలను నేను మంచి వార్తగానే చదువుతాను.

అపోహ: శిక్షలు కఠినం చేస్తే చాలు.

శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే దొరికిపోతామన్న భయమే ఎక్కువ పనిచేస్తుంది. రాజస్థాన్‌లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పోలీసులతో కలిసి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలను పరీక్షించింది. కొన్ని స్టేషన్ల పరిధిలో తనిఖీ ఎప్పుడూ ఒకే చోట, మరికొన్నింటిలో చోటు మారుస్తూ. చోటు మార్చినప్పుడు రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకే చోట నిలబడితే చెప్పుకోదగ్గ ఫలితమేమీ లేదు. చట్టం అదే, జరిమానా అదే.

ఇక విద్యార్థులు ఎక్కువగా అనేది: చేతిలో డబ్బు లేకే కుర్రాళ్లు చెడిపోతారని.

షికాగోలో 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని 13 హైస్కూళ్ల నుంచి 1,634 మందిని తీసుకుని, లాటరీలో వచ్చినవాళ్లకు 8 వారాల పని చూపించారు. 16 నెలల్లో వాళ్లలో హింసాత్మక నేరాల అరెస్టులు మిగతావాళ్లకంటే 43 శాతం తక్కువ. దొంగతనాల అరెస్టుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. డబ్బే కారణమైతే ముందు తగ్గాల్సింది అవే కదా! పైగా ఆ తగ్గుదల ఎక్కువగా కనిపించింది, పని ముగిసి జీతం ఆగిపోయిన తర్వాత.