ఊరంతా జాన్ స్మిత్‌లే

చిట్టితల్లికి, చిన్నోడికి తాతయ్య దీవెనలు.

స్కూల్లో ఫ్యామిలీ ట్రీ గీసుకురమ్మన్నారని, నాన్న వైపు మూడు తరాలు దాటి ముందుకు కదలడం లేదని ఫోన్లో వాపోయారు కదా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పయ్యేళ్లు దస్తావేజులు తిరగేసిన చేతులు ఊరుకుంటాయా? నెల రోజులుగా స్కాట్లాండ్ రికార్డుల మీదే కూర్చున్నాను. మీ అమ్మమ్మ కోప్పడుతున్నా సరే.

మీ నాన్న వాళ్లది బకీ, సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. ఇంటిపేరు స్మిత్. స్కాట్లాండ్‌లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. ఆ ప్రభుత్వం వాళ్ల ‘స్కాట్లాండ్స్‌పీపుల్’ సైట్లో జాన్ స్మిత్ అని కొట్టి చూడండి, కళ్లు తిరుగుతాయి.

అక్కడా మనలాగే తాత పేరు మనవడికి పెట్టేవాళ్లు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు. చట్టమేమీ కాదు, ఆనవాయితీ. ఒక జాన్ స్మిత్‌కి నలుగురు కొడుకులుంటే, నలుగురూ పెద్దవాడికి జాన్ అనే పెడితే? ఒకే ఊళ్లో, ఇంచుమించు ఒకే ఈడు జాన్ స్మిత్‌లు నలుగురు! పిల్లాడు పోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టడమూ ఉండేది. అందుకే బకీ జాలర్లు పేరు వెనక ‘టీ-నేమ్’ అని ఇంకో పేరు తగిలించుకున్నారు. ‘బో’, ‘లాటిన్’ లాంటివి. మన ఊళ్లో పొట్టి సుబ్బారావు, సైకిల్ షాపు సుబ్బారావు అన్నట్టే.

ఇక నా ఘనకార్యం వినండి. మీ నాన్న పూర్వీకుడు ఒకాయన బాప్తిస్మం పాత చర్చి రిజిస్టర్లో దొరికిందనుకున్నాను. బకీ పేరు మీద కాదు, అది రాథ్వెన్ పారిష్ (అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కిందికి వస్తుంది, రికార్డులూ ఆ పేరు మీదే ఉంటాయి. ఊరు కలిసింది, ఏడాది కలిసింది, తండ్రి పేరూ కలిసింది. ఇంకేం, అక్కణ్ణుంచి వెనక్కి రెండు తరాలు గీసేశాను. తీరా ఆయన మరణ రికార్డు తెప్పించి చూస్తే తల్లి ఇంటిపేరు కౌవీ అని ఉంది. నేను పట్టుకున్న బాప్తిస్మంలో తల్లి రీడ్ ఇంటి పిల్ల. అంటే వారం రోజులు ఎవరి తాతనో మన తాత అనుకుని మురిసిపోయానన్నమాట!

నన్ను ఆపింది ఆ తల్లి పుట్టింటి పేరే. స్కాట్లాండ్ కాగితాల్లో ఆడవాళ్ల పుట్టింటి పేరు పెళ్లితో పోదు. 1855 జనవరి 1 నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ప్రభుత్వమే రాయించడం మొదలుపెట్టింది. మరణ రికార్డులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి. మొదటి ఏడాదైతే పిల్లల పేర్లు, వయసులు కూడా అడిగారు. ఆ గుమస్తాలు ఎంత తిట్టుకున్నారో గానీ, 1856లో చాలా గడులు తీసేశారు. 1855లో పోయిన పూర్వీకుడు దొరికితే మన పంట పండినట్టే.

అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు. అన్నిటికంటే పాతది ఎరల్ అనే పారిష్‌ది, 1553 నాటిది. కానీ అందరూ రాయించుకోలేదు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది, అది తప్పించుకోవడానికి చాలామంది రాయించడమే మానేశారు. 1843లో చర్చి చీలిపోయి ఫ్రీ చర్చి పుట్టింది, అటు వెళ్లినవాళ్లు చాలామంది ఈ రిజిస్టర్లలో కనిపించరు.

జనాభా లెక్కల్లో 1841ది నమ్మకండి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదుల్లోకి తగ్గించి రాయమన్నారు, ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ముప్పై ఐదైపోయాడు. పుట్టింది ఆ జిల్లాలోనా కాదా అన్నది తప్ప ఊరి పేరు లేదు. 1851 లెక్కల్లో పారిష్ పేరు, ఇంటి యజమానికి ఎవరేమవుతారో ఉంటాయి. దాన్ని పట్టుకోండి.

ఆదివారం గ్రానీ ఇంటికి వెళ్తారుగా. ఆవిడ పుట్టింటి పేరు, వాళ్లమ్మ పుట్టింటి పేరు, వాళ్ల ఇంటి టీ-నేమ్ ఏదైనా ఉంటే అదీ రాసి పంపండి.

ఇంకో సంగతి. ఇదంతా అయ్యాక మన వైపు చార్టు తీసి చూశాను. ఏడు తరాల మగవాళ్లు వరసగా ఉన్నారు. మా నాయనమ్మ పుట్టింటి పేరు నాకే తెలీదు. మా మేనత్తకు తొంభై దగ్గర పడింది, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య