ఐ-94లో రెండక్షరాలు: సెమినరీ విద్యార్థుల వీసా గొడవ ఎక్కడ మొదలైంది?

అమెరికాలోని సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే క్రైస్తవ విద్యాసంస్థలో, సీటొచ్చిన విదేశీ విద్యార్థికి అక్కడి ఆఫీసు ఒక సూచనల పత్రం పంపుతుంది. అందులో ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: దిగాక ఆన్‌లైన్‌లో మీ ఐ-94 (దేశంలోకి ప్రవేశించినట్టు ఉండే రికార్డు) తెరిచి చూసుకోండి, వీసా తరగతి దగ్గర ఎఫ్-1 (విద్యార్థి వీసా) అని, గడువు దగ్గర డీ/ఎస్ అని ఉండాలి, లేకపోతే వెంటనే చెప్పండి అని. డీ/ఎస్ అంటే చదువు సక్రమంగా సాగినన్నాళ్లూ ఉండొచ్చని. అక్కడ తేదీ ఉండదు. ఆ రెండక్షరాలు తీసేసి తేదీ వేస్తామంటూ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదన పెట్టింది. అప్పటి నుంచి ఈ గొడవ చల్లారినట్టే ఉండి మళ్లీ మళ్లీ రాజుకుంటోంది.

1952 ఇమిగ్రేషన్ చట్టం, తిరిగి వెళ్తారన్న నమ్మకం కలిగించకపోతే వీసా నిరాకరించే అందులోని 214(బి) సెక్షన్, కౌంటర్ దగ్గర తిరస్కరణ చీటీ. ఇవి వీసా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయాలే. డీ/ఎస్ 1978లో వచ్చింది, మధ్యలో ఒకసారి పోయి మళ్లీ వచ్చింది. పాత కథ ఇంతవరకు చాలు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చాలామంది 2001 సెప్టెంబర్ 11 దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే అసలు మలుపు దానికి సరిగ్గా ఆరు నెలల తర్వాత పోస్టులో వచ్చింది.

2002 మార్చి 11. ఫ్లోరిడాలోని వెనిస్ అనే చిన్న ఊళ్లో హఫ్‌మన్ ఏవియేషన్ అనే విమాన శిక్షణ స్కూలుకు ఇమిగ్రేషన్ శాఖ నుంచి నోటీసులు వచ్చాయి. మొహమ్మద్ అట్టాకు, మర్వాన్ అల్‌షెహీకి విద్యార్థి హోదా మంజూరైందని వాటి సారాంశం. న్యూయార్క్ జంట టవర్లలోకి విమానాలు నడిపింది ఆ ఇద్దరే. వాళ్లు చచ్చి అప్పటికి ఆరు నెలలు. నిజానికి మంజూరు జరిగింది 2001 జూలై, ఆగస్టుల్లో. స్కూలుకు చేరాల్సిన కాపీలు కెంటకీలోని ఒక కేంద్రంలో నెలల తరబడి పడి ఉన్నాయి. కాగితాలు ఆలస్యంగా కదిలాయి, అంతే. కానీ ఆ రోజు 'అంతే' అని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అధ్యక్షుడు బుష్ మండిపడ్డారు, పత్రికలు ఆడుకున్నాయి, ఇమిగ్రేషన్ శాఖ పరువు పోయింది. ఏడాది తిరగకుండానే, 2003 మార్చి 1న, ఆ శాఖనే రద్దు చేసి పనులు పంచేశారు.

ఆ నోటీసులు ఒక సంగతి బయటపెట్టాయి. దేశంలోకి చదువు పేరుతో వచ్చినవాళ్లలో ఎవరు క్లాసులో ఉన్నారో, ఎవరు లేరో ప్రభుత్వానికి తెలియదు. దాడుల్లో మరో విమానం నడిపిన హానీ హంజూర్ ఇంగ్లిష్ కోర్సు కోసమని విద్యార్థి వీసా తీసుకుని వచ్చి, ఆ స్కూలు గడప తొక్కనే లేదు. రాలేదని ఎవరికైనా చెప్పాలన్న ఏర్పాటూ సరిగా లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఇలాంటి ఏర్పాటు కావాలని 1996లోనే చట్టం ఉంది. 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పెట్టినవాళ్లలో ఒకడు విద్యార్థి వీసాపై వచ్చి చదువు మానేసినవాడని తేలాక చేసిన చట్టం అది. దాని కింద సిప్రిస్ అనే పేరుతో కొద్ది కాలేజీల్లో ప్రయోగం చేశారు. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విద్యాసంస్థల వాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. మా విద్యార్థుల దగ్గర ప్రభుత్వం తరఫున ఫీజు మేం వసూలు చేయడమేంటి, వాళ్ల మీద నిఘా మేం పెట్టడమేంటి అన్నారు. ఆ వాదన ఐదేళ్లు నిలబడింది. దాడుల తర్వాత ఐదు వారాలు కూడా నిలబడలేదు.

ఫలితంగా వచ్చిందే సెవిస్. విదేశీ విద్యార్థుల వివరాలన్నీ ఒకే డేటాబేస్‌లో పెట్టే వ్యవస్థ. కొత్త విద్యార్థులకు 2003 జనవరి 30 నుంచి, అప్పటికే చదువుతున్నవాళ్లకు అదే ఏడాది ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేశారు. ఆ తేదీ తర్వాత విద్యార్థి మీద కన్నేసి ఉంచే పని ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి కాలేజీ ఆఫీసుకు మారింది. ఐ-20 (సీటు ఇచ్చినట్టు కాలేజీ ఇచ్చే, వీసాకు కావాల్సిన పత్రం) ఇచ్చేది, విద్యార్థి వచ్చి చేరాడని నమోదు చేసేది, క్రెడిట్లు తగ్గినా చదువు మానేసినా 21 రోజుల్లోపు రిపోర్టు చేసేది కాలేజీయే. ఆ పని చేసే ఉద్యోగిని డీఎస్‌వో అంటారు. ఆ ఉద్యోగి అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో అయ్యుండాలి.

పెద్ద యూనివర్సిటీకి దీనికోసం ప్రత్యేకంగా ఒక ఆఫీసే ఉంటుంది. సెమినరీ సంగతి వేరు. చిన్న సెమినరీలో అడ్మిషన్లు చూసే మనిషో, రిజిస్ట్రారో డీఎస్‌వో కూడా. ఉదయం చాపెల్‌లో విద్యార్థి కోసం ప్రార్థన చేసిన మనిషే మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని అతని క్రెడిట్లు లెక్కపెట్టాలి. లెక్క తగ్గితే రిపోర్టు చేయాలి. చేయకపోతే సెమినరీ సర్టిఫికేషన్‌కే, అంటే విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతికే, ఎసరు. ఆ సర్టిఫికేషన్ రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2019 జూన్ 24 నుంచి కొత్తగా అప్లై చేసే స్కూలుకు 3,000 డాలర్లు, పునరుద్ధరణకు 1,250 డాలర్లు. విద్యార్థి కట్టే సెవిస్ ఫీజు 2004లో 100 డాలర్లతో మొదలై, 2008లో 200 అయి, అదే 2019 జూన్‌లో 350కి చేరింది. పది మంది విదేశీ విద్యార్థులున్న సెమినరీకీ, పది వేల మంది ఉన్న యూనివర్సిటీకీ పునరుద్ధరణ ఫీజు ఒక్కటే.

సూచనల పత్రం స్వరం కూడా ఇక్కడే మారింది. ఎయిర్‌పోర్టులో ఎవరు ఎదురొస్తారు, చలికి ఏం తెచ్చుకోవాలి లాంటివి ఇప్పటికీ ఉంటాయి. కానీ అవి వెనక పేజీకి వెళ్లాయి. ముందు పేజీలో గడువులు ఉంటాయి. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలో అడుగుపెట్టకూడదు. ఐ-20, ఆర్థిక పత్రాలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఇరుక్కుపోతారు. దిగగానే ఆఫీసుకొచ్చి పాస్‌పోర్టు చూపించాలి, ఎందుకంటే కోర్సు మొదలైన 30 రోజుల్లోపు డీఎస్‌వో సెవిస్‌లో నమోదు చేయాలి. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి. పేరుకు స్వాగత పత్రమే. చదువుతుంటే మాత్రం ముందు భయమే వేస్తుంది.

సెమినరీ విద్యార్థికి మాత్రమే ఎదురయ్యే చిక్కులు ఇంకా ఉన్నాయి. సంఘంలో, అంటే చర్చిలో, సాక్ష్యం చెప్పేటప్పుడు "దేవుడు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తాను" అంటే అందరూ ఆమెన్ అంటారు. అదే మాట వీసా కౌంటర్‌లో అంటే 214(బి) కింద తిరస్కరిస్తారు. అక్కడ చెప్పాల్సింది చదువయ్యాక తిరిగి వచ్చి ఏ పరిచర్యలో చేరతాడన్నదే.

ఇంకోటి ఆదివారం సంగతి. అక్కడి సంఘం వాళ్లు ప్రేమగా పిలిచి బైబిల్ వాక్యం చెప్పిస్తారు, వెళ్లేటప్పుడు డబ్బు కవర్ చేతిలో పెడతారు. లేదా పిల్లల ఆరాధన చూసుకో, మా గెస్ట్‌రూమ్‌లో ఉండు అంటారు. ఎవరి మనసులోనూ తప్పు ఉండదు. కానీ ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట ప్రతిఫలం తీసుకోకూడదు. పనికి బదులు ఇచ్చిన గది కూడా ప్రతిఫలమే అవుతుంది. పాస్టర్ కావడానికి చేసే ఎం.డివ్. డిగ్రీలో, సంఘంలో చేసే ఫీల్డ్ ఎడ్యుకేషన్ మామూలుగా కోర్సులో భాగం, దానికి సీపీటీ (కోర్సులో భాగమైన పని కోసం ఇచ్చేది) అనుమతి తీసుకోవచ్చు. అయితే ముందు కాగితం, తర్వాత పరిచర్య.

సెవిస్ తెచ్చిన 2002 డిసెంబర్ నిబంధనల్లోనే ఆన్‌లైన్ చదువు మీద పరిమితి కూడా వచ్చింది. టర్ముకు ఒక ఆన్‌లైన్ క్లాసు, లేదా మూడు క్రెడిట్లు. అంతకు మించి ఫుల్‌టైమ్ లెక్కలోకి రాదు. అప్పట్లో సెమినరీలకు అది పెద్ద విషయంగా అనిపించి ఉండదు. తర్వాత సెమినరీలు ఆన్‌లైన్‌కు, వారాంతపు క్లాసులకు మళ్లాయి. ఉద్యోగం చేసుకుంటూ చదివే స్థానిక పాస్టర్లకు అది వరం. విదేశీ విద్యార్థికి మాత్రం టైమ్‌టేబుల్‌లో గదిలో కూర్చునే క్లాసులు వెతుక్కోవడమే ఒక పని అయింది. కోవిడ్ కాలంలో 2020 జూలై 6న ప్రభుత్వం ఈ నిబంధనను బిగించి, చదువు పూర్తిగా ఆన్‌లైన్ అయితే దేశం విడిచి వెళ్లాలంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి. ఎనిమిది రోజులకే, జూలై 14న, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇక 2025. ఏప్రిల్‌లో వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ముందు చెప్పకుండా రద్దయ్యాయి. చాలా చోట్ల ఆ సంగతి డీఎస్‌వోలకు తెలిసింది తామే డేటాబేస్ తెరిచి చూసుకున్నాక. కేసులు వెల్లువెత్తడంతో ఏప్రిల్ నెలాఖరులో రికార్డులు తిరిగి తెరిచారు. మే 22న హార్వర్డ్ సర్టిఫికేషన్‌నే రద్దు చేశారు, మర్నాడే కోర్టు ఆపింది. మే చివర్లో కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆగిపోయాయి. జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న షరతు వచ్చింది. ఇవి ఒకదానికొకటి సంబంధం లేని వార్తల్లా కనిపిస్తాయి. కానీ రికార్డు రద్దు చేయడానికి ఒక రికార్డు, సర్టిఫికేషన్ లాక్కోవడానికి ఒక సర్టిఫికేషన్ ఉండాలి కదా. ఆ మీట 2003లో బిగించిందే. 2025లో దాన్ని నొక్కడం మొదలుపెట్టారు.

ప్రభుత్వం వాదన ఇది: తేదీ లేని అనుమతి దుర్వినియోగమవుతోంది, 2000 నుంచి 2010 లోపు వచ్చి ఇప్పటికీ ఎఫ్-1లోనే ఉన్నవాళ్లు 2,100 మందికి పైగా ఉన్నారు, మధ్యమధ్యలో తమ అధికారి ఒకసారి చూడాలి. అదే ప్రభుత్వం లెక్క ప్రకారం 2023 ఒక్క ఏడాదిలో ఎఫ్-1 ప్రవేశాలు 16 లక్షలు దాటాయి. ఇలాంటి ప్రతిపాదనే 2020 సెప్టెంబర్‌లో ఒకసారి పెట్టి, ప్రభుత్వం మారాక 2021లో ఉపసంహరించుకున్నారు.

ఈసారి ప్రతిపాదన ప్రకారం అనుమతి కోర్సు ఉన్నంత కాలమే, అదీ నాలుగేళ్లు మించకుండా. చదువయ్యాక సర్దుకోవడానికి ఇచ్చే 60 రోజులు 30కి తగ్గుతాయి. నాలుగేళ్లు దాటే చదువైతే పొడిగింపు కోసం ప్రభుత్వానికే దరఖాస్తు చేసుకోవాలి. ఇప్పుడు ఆ పొడిగింపు డీఎస్‌వో సెవిస్‌లో చేసి కొత్త ఐ-20 ఇస్తే సరిపోతుంది. రేపు ఫారం, ఫీజు, వేలిముద్రలు, నెలల ఎదురుచూపు. థియాలజీలో పీహెచ్‌డీ నాలుగేళ్లలో ముగించేవాళ్లు తక్కువే. ముందు గ్రీకు, హీబ్రూ రావాలి, తర్వాత జర్మన్, ఆపైనే థీసిస్.

సెమినరీలను నిజంగా ఇబ్బంది పెట్టేది మాత్రం పెద్దగా చర్చకు రాని మరో క్లాజు. ఒక కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎఫ్-1 మీద అదే స్థాయి కోర్సులోగానీ, కింది స్థాయి కోర్సులోగానీ మళ్లీ చేరకూడదంటోంది. ఇంజినీరింగ్ విద్యార్థి విషయంలో రెండో మాస్టర్స్ అంటే అనుమానించేవాళ్లు ఉండొచ్చు. సెమినరీలో అది పాత దారి. మూడేళ్ల ఎం.డివ్. మాస్టర్స్. దాని తర్వాత ఒక ఏడాది చేసే టీహెచ్.ఎం. కూడా మాస్టర్సే. పాస్టర్‌గా తయారవడానికి మొదటిది, బైబిల్ కాలేజీలో పాఠం చెప్పడానికో, పీహెచ్‌డీకి వెళ్లడానికో రెండోది. ఫారం మీద రెండింటికీ స్థాయి ఒక్కటే. ఎం.డివ్. అక్కడే చేసినవాళ్లకు టీహెచ్.ఎం. తలుపు మూసుకుపోతుంది. ఈ క్లాజు రాసినవాళ్లకు సెమినరీ డిగ్రీల వరస తెలిసి ఉంటుందని నేననుకోను.

ప్రతిపాదన అమల్లోకి వస్తే సెమినరీల సూచనల పత్రంలో ముందు మారేది ఆ ఐ-94 వాక్యమే. డీ/ఎస్ అని ఉందో లేదో చూసుకోండి అన్నచోట, అక్కడున్న తేదీని ఐ-20 మీది తేదీతో సరిపోల్చుకోండి అని రాయాలి. రెండు తేదీలూ కలవకపోతే ఎవరికి చెప్పాలో కూడా రాయాలి, ఎందుకంటే అప్పుడు దాన్ని మార్చడం డీఎస్‌వో చేతిలో ఉండదు.