1317 ఫసలీ నుంచి భూభారతి దాకా: తెలంగాణ భూచట్టాల ఏకీకరణ

నల్లగొండ పల్లెల్లో పాత రైతు కుటుంబం ట్రంకుపెట్టె తెరిస్తే ఒకే సర్వే నంబరుకు నాలుగు కాలాల కాగితాలు కనిపిస్తాయి: 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు) నకలు, తాతకు కౌలుదారుగా దక్కిన 38-ఈ సర్టిఫికెట్, వేలిముద్రలు వేసిన తెల్లకాగితపు సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని భూమి కొనుగోలు పత్రం), అన్నిటి పైన పట్టాదారు పాసుపుస్తకం. వీటిలో ఒక్కోటి ఒక్కో చట్టానికి చెందింది. ఆ చట్టాలను ఒక్కచోటికి చేర్చాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు.

అన్నిటికీ పునాది నిజాం కాలపు 1317 ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) భూమిశిస్తు చట్టం, అంటే 1907 నాటిది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ పల్లెలు చేసిన సాయుధ పోరాటం ఆ పునాది మీద కొత్త చట్టాలను నిలబెట్టింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. మహబూబ్‌నగర్ ప్రాంతానికే చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1954లో జరిగిన సవరణ, రక్షిత కౌలుదారును భూయజమానిని చేసే 38-ఈ సెక్షన్‌ను అందులో చేర్చింది. మరుసటి ఏడాది ఇనాముల (పాలకులు దానంగా ఇచ్చిన భూముల) రద్దు చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో మొదలైన భూదానానికి సైతం 1965లో వేరే చట్టం చేయాల్సి వచ్చింది. ఇవన్నీ దున్నేవాడి హక్కు కోసం వచ్చినవి కనుక, పాతబడ్డాయన్న ఒక్క కారణంతో తీసిపారేయడానికి వీల్లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఒకే రాష్ట్రంలో రెండు ప్రాంతాలకు రెండు రకాల భూచట్టాలు నడిచాయి. వాటన్నిటినీ కలిపే ల్యాండ్ రెవెన్యూ కోడ్ బిల్లు 1999లో వచ్చినా అమలుకు నోచుకోలేదు. 2014 విభజన చట్టం పాత చట్టాలను రెండేళ్లలోగా అన్వయించుకునే వీలు కల్పించగా, చాలావాటిలో ప్రధానంగా మారింది రాష్ట్రం పేరే.

అసలు దెబ్బ 2020లో తగిలింది. సాదాబైనామాల క్రమబద్ధీకరణకు ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. ఆ గడువు నడుస్తుండగానే, అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణితో పాటు కొత్త చట్టం అమల్లోకి వచ్చి, క్రమబద్ధీకరణకు ఆధారమైన 1971 ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టాన్ని రద్దు చేసింది. కొత్త చట్టంలో సాదాబైనామా ఊసే లేదు. ఏ అధికారంతో వీటిని పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు చేరడంతో లక్షల దరఖాస్తులు నిలిచిపోయాయి. రెవెన్యూ కోర్టులు కూడా ఆ చట్టంతోనే పోవడంతో, రికార్డులో తప్పు పడ్డ రైతుకు రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీలు చేసుకునే దారి మూసుకుపోయింది. పాత చట్టాన్ని తీసేసే ముందు దాని కింద నడుస్తున్న పనులు ఏమవుతాయో తేల్చకపోవడం క్షమించరాని తొందరపాటు. నాగలి పట్టి పదిహేనేళ్లుగా దున్నుతున్న మనిషి పేరు ఏ రికార్డులోనూ లేకుండా పోవడానికి ఆ ఒక్క తప్పు చాలు.

2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ముందుగా ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు ఒకటి. ఈ చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది. 2014 జూన్ 2కు ముందు సాదాబైనామాపై కొని, 12 ఏళ్లకు పైగా సాగులో ఉండి, 2020 గడువులో దరఖాస్తు చేసుకున్న చిన్న, సన్నకారు రైతులకు ఆరో సెక్షన్‌లో దారి చూపింది. అయితే కౌలుదారీ, ఇనాం చట్టాలు మాత్రం ఇందులో కలవలేదు. ట్రంకుపెట్టెలో 38-ఈ సర్టిఫికెట్ ఉన్న కుటుంబం తన హక్కు నిరూపించుకోవాలంటే నేటికీ 1950 నాటి చట్టాన్నే విప్పాలి.